కుక్క ఉంటే ముందు ఇది

స్కార్‌బరో ఆసుపత్రి కార్ పార్కులో
మొదటిరోజే మా పరువు పోయింది.

నేనింకా రెండో అంతస్తు మెట్ల మీదే ఉన్నాను,
కింద కారు శోకాలు మొదలెట్టింది.
కారు నాది కాదు. కుక్కా నాది కాదు.
రెండూ పక్కింటి థ్వైట్ గారివి.
ఆయన పైన, ఏడో వార్డులో, కిటికీ పక్క మంచంలో.
నా చేతిలో ఆయన కళ్ళజోడు,
బెల్లం సగానికి తగ్గించి చుట్టిన సున్నుండలు నాలుగు.

పరుగెత్తుకొచ్చేసరికి
దీపాలన్నీ ఆర్పుతూ వెలిగిస్తూ ముసలి వోల్వో.
దాని మీద ఎంతకీ లేవని సముద్రపు కాకి.
లోపల టాఫీ,
పందేలు మానేసి ఆరేళ్ళయిన గ్రేహౌండ్,
ఇంతకీ దొంగ ఎవరా అని
అటూ ఇటూ తెగ వెతుకుతోంది.
అది వెతికే కొద్దీ బండి ఇంకా అరుస్తోంది.

సెక్యూరిటీ డెరెక్ గొడుగు లేకుండా వచ్చాడు.
ఈ ఊరివాళ్ళకి ఈపాటి వాన వాన కింద లెక్క కాదు.
"తాళం వేశాక లోపల ఏది కదిలినా
దానికి దొంగే తల్లీ.
లోపలి కళ్ళకి గంతలు కట్టి
తలుపులకి మాత్రం కాపలా చెప్పాలి" అన్నాడు.
ఎలాగో మాత్రం తనకీ తెలీదన్నాడు.

అర వెతికితే
పిప్పరమెంట్లు, కుక్క సంచీలు, ఎప్పటివో పార్కింగ్ చీటీలు,
అడుగున బండి పుస్తకం.
తొంభై నాలుగో పేజీ మూల మడత,
పక్కన పెన్సిల్‌తో వణుకుతున్న అక్షరాలు:
కుక్క ఉంటే ముందు ఇది.
కింద రెండు గీతలు.

నెత్తి మీద దీపం పక్కన
గోరంత బటన్.
నొక్కితే నారింజ చుక్క వెలుగుతుంది.
ఆ తర్వాతే తాళం.
ఒక్కసారికే ఈ మినహాయింపు.
మళ్ళీ బండి తీశామా, మళ్ళీ మొదటికే,
కదిలిందల్లా దొంగే.

నవంబరు చలి కాబట్టి సరిపోయింది.
అద్దం రెండు వేళ్ళు దించి,
రోజూ ఓ ఇరవై నిమిషాలు.
వెళ్ళగానే ఆయన నన్ను కూర్చోమనడు.
"నొక్కావా?"
నొక్కానంటేనే సున్నుండ అందుకుంటాడు.

ఆయన మంచం పక్కనా ఓ యంత్రం ఉంది.
దాని గోల వేరు.
పచ్చగీత గెంతుతున్నంతసేపూ నోరెత్తదు,
గెంతడం మానితేనే కేక.
ఒకరోజు వేలి క్లిప్పు ఆయనే ఊడబీకాడు.
ఇద్దరు నర్సులు పరుగెత్తుకొచ్చారు.
వాళ్ళు చీవాట్లు పెట్టి వెళ్ళాక
నా వైపు వంగి, "చూశావా,
నాకూ ఓ బటన్ ఉంది" అన్నాడు.

గురువారం మరిచిపోయాను.

ఆయన చెప్పే రేవు కబుర్లకి ఊకొడుతుంటే
నడుమ ఎక్కడో గుర్తొచ్చింది,
నారింజ చుక్క చూసిన జ్ఞాపకం లేదు.
చెవులు కిటికీకి అప్పగించాను.
గాలి. కాకులు. ఎవరిదో దగ్గు.
బండి నోరు మెదపలేదు.
అరిస్తే సిగ్గుపడేదాన్ని,
అరవలేదని కాళ్ళు చల్లబడ్డాయి.
ఇప్పుడే వస్తానని కూడా చెప్పలేదు.

వెనక సీట్లో టాఫీ
ఆయన ఉన్ని టోపీ మీద గడ్డం ఆనించి ఉంది.
అద్దం మీద రూపాయి బిళ్ళంత ఆవిరి,
పోతూ, వస్తూ.
కళ్ళు ఆసుపత్రి తలుపు మీద.
ఆ తలుపు తెరుచుకుంటున్నా
చెవి కూడా కదపలేదు.
పద్దెనిమిది నిమిషాలు.
బండి దృష్టిలో లోపల ఎవరూ లేరు.

తలుపు తీశాను. లేవలేదు.
తోక మాత్రం ఒక్కసారి
సీటుకి కొట్టింది.

మర్నాడు "నొక్కావా?" అన్నాడు.
ఈసారి నొక్కే వచ్చాను.
"నిన్నో?"
నొక్కానన్నాను.
నా మొహంలోకి కాసేపు చూసి
సున్నుండ సగం కొరికి,
మిగతా సగం చేతి రుమాల్లో మూటగట్టి
నా కోటు జేబులో తనే వేశాడు,
దానికి, అని.